తూఫాను పోలిక

గురువారం పొద్దున పశువుల డాక్టరమ్మ వచ్చి గుర్రప్పిల్ల చిన్నోడికి విత్తులు కొట్టేస్తుందని మేనేజరు తిలక్ చెప్పి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ అంకప్ప ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నోరు తెరిస్తే తిట్టే. ఉలవలు ఉడకలేదని తిట్టాడు, గడ్డి తడిసిందని తిట్టాడు, జవళగిరి అడవిలోంచి వచ్చి ఫారం కంచె తొక్కేసిపోయిన ఏనుగుల్ని తిట్టాడు. ఏనుగులకు వినబడలేదు గానీ పెళ్ళాం మారెమ్మకు వినబడింది.

"ఆ నోరేదో తిలక్ సారు ముందర తెరవరాదా?" అంది.

తెరవలేదా ఏం? సోమవారమే పోయి నెత్తీ నోరూ బాదుకున్నాడు. తిలక్ కుర్చీలోంచి లేవలేదు. ఆయన కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది.

"నా చెయ్యి చూసినావా, అంకప్పా? మెల్లిగా మెడ మీద నిమిరినానంతే. గోడకేసి నూకేసింది."

"రెండేండ్ల పిల్లోడు సార్. కొత్తోళ్ళను చూసి బెదిరినాడు. నా దగ్గర ఎట్లుంటాడో మీరే చూసినారు కదా!"

"నీ దగ్గర బాగుంటే ఏం లాభమప్పా? రేపు బెంగళూరులో వాని మీద ఎక్కేది నువ్వా? వాళ్ళ నాయన పోలిక, రక్తంలోనే ఉంది అని వచ్చినోళ్ళందరికీ నువ్వే కదా చెప్పింది?"

అంకప్ప దాన్ని కాదనలేడు. చెప్పింది తనే. ఒకసారి కాదు, పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నాడు. మీసం దువ్వుకుని మరీ చెప్పాడు.

ఆ నాయన పేరు కాగితాల్లో గ్రాండ్ తూఫాన్. ఫారంలో అందరికీ తూఫాను. పరిగెత్తిన రోజుల్లో దాని ముందు నిలిచిన గుర్రం లేదు. పందేలు మాని, పిల్లల్ని పుట్టించే స్టాలియన్‌గా ఈ ఫారానికి వచ్చిన ఏడాదే కంచె తీగ గుచ్చుకుని ఎడమ కన్ను పోయింది. అక్కడి నుంచి దాని కోపానికి హద్దు లేకుండా పోయింది. గుర్రాల్ని చూసుకునే సైసుల్ని ఇద్దర్ని కరిచింది, ఒకడి మోకాలు విరగ్గొట్టింది. దాన్ని చూసుకోవడానికి ఒక్కడూ ముందుకు రాకపోతే, గడ్డి కోయడానికి కూలికొచ్చిన అంకప్ప వెళ్ళాడు. అంతకుముందు అతను గుర్రాన్ని తాకినవాడు కాదు. కన్ను కనబడని పక్క నుంచి పోతే ఎవరికైనా ఉలికిపాటేగా అనుకుని, మాట్లాడుతూ కుడిపక్క నుంచి పోయాడు. తూఫాను అతని జేబులో బెల్లం ముక్క వాసన చూసి తల వంచింది. ఆ రోజు నుంచి అంకప్ప ఈ ఫారానికి పెద్ద సైసు. తూఫానూ, తూఫాను మగపిల్లలూ అతని చేతికి వచ్చారు. ఆడపిల్లల్ని మారెమ్మ చూసుకునేది. ఆమె పని నేర్చుకున్నది ముసలి సైసు అశ్వత్థప్ప దగ్గర.

మగపిల్లల లాయంలోకి అంకప్ప ఇంకొకర్ని రానిచ్చేవాడు కాదు. "నా పిల్లోళ్ళు, నేను చూసుకుంటాను, పోండప్పా" అని తరిమేవాడు.

పిల్లలు ఒక్కొక్కటే రెండేళ్ళు నిండి పందేల కోసం బెంగళూరుకు పోయేవి. గాలి కన్నా ముందు పరిగెత్తేవి, అందులో తండ్రి పేరు నిలబెట్టాయి. కానీ జీను వేయబోతే కాలు విసిరేవి, ఎక్కబోయినవాణ్ణి కింద పడేసేవి. ఆర్నెల్లు తిరగకుండానే కబురు వచ్చేది, విత్తులు కొట్టించేశాం అని. ఒకటా, రెండా? నలభైకి పైగా మగపిల్లలు పుడితే ఒక్కటంటే ఒక్కటి స్టాలియన్‌గా మిగల్లేదు. కబురు వచ్చినప్పుడల్లా అంకప్ప బాధపడేవాడు, ఆ బాధలోనూ కాస్త గర్వపడేవాడు. తూఫాను బిడ్డ మరి, ఎవడికి లొంగుతుంది?

ఇప్పుడు తూఫాను ముసలిదైపోయింది. రెండేళ్ళుగా దాని వల్ల ఒక్క ఆడగుర్రమూ చూడి కట్టలేదు. మిగిలింది చిన్నోడు ఒక్కడే. వాడికీ కత్తి పడితే తూఫాను వంశం అక్కడితో సరి.

గురువారం పొద్దున అంకప్ప రాగిసంకటి ముద్ద ముట్టుకోలేదు.

"ఇంటికొచ్చి నా మింద ఎగిరితే ఏమొస్తుందయ్యా?" అంది మారెమ్మ. "ఒక మాటడుగుతాను. నా ఆడపిల్లలూ ఆ తూఫానుకు పుట్టినోళ్ళే కదా? ఒక్కటన్నా ఎవర్నన్నా కరిచిందా?"

"ఆడవి కదమ్మే. వాటికేం పౌరుషముంటుంది?"

"ఓహో! నీకు పౌరుషముందని ముద్ద వదిలేసినావా? తిను ముందు."

అంకప్ప పళ్ళెం పక్కకు తోసి లేచిపోయాడు. తోసిన పళ్ళాన్ని మారెమ్మ కాలితో మళ్ళీ ముందుకు తోసింది గానీ, అప్పటికే అతను గడప దాటాడు.

డాక్టరమ్మ కలైసెల్వి హొసూరు నుంచి జీపులో వచ్చింది. చిన్న మనిషి, గొంతు మాత్రం గట్టిది. ముందు మత్తుసూది మెడలో నరానికి వేయాలి, తర్వాతే కత్తి. సూది పట్టుకుని, అందరు డాక్టర్లూ పోయినట్టే ఎడమపక్క నుంచి పోయింది. చిన్నోడు చెవులు వెనక్కి మడిచి పైకి లేచాడు. రెండోసారి పోతే తన్నాడు. మూడోసారి సూది ఎగిరి గడ్డిలో పడింది.

"చూసినారు కదా డాక్టర్? అచ్చం ఆ ముసలిదే," అన్నాడు తిలక్ దూరం నుంచి. "తాళ్ళు తెప్పిస్తాను. కాళ్ళు కట్టి కింద పడేద్దాము."

కింద పడేయడమా? ఆ మాటతో అంకప్పకు చిర్రెత్తుకొచ్చింది. చిన్నోడి కుడిపక్క నిలబడి తలతాడు పట్టుకునే, "తాళ్ళొద్దు సార్, కాళ్ళిరగతాయి! వాని ఉసురు పోసుకుంటారా ఏమి?" అని అరిచాడు.

"ఇట్ల చేద్దాము అంకప్పా," అంది కలైసెల్వి. "మీరు ఈ పక్కకు, ఎడమ పక్కకు రండి. మిమ్మల్నైతే ఏమీ చేయదు కదా. మీ వెనక నిలబడి సూది వేసేస్తాను."

వేరే దారి లేదు. తన చేత్తోనే తన పిల్లవాణ్ణి కత్తికి అప్పగించాలి. ఏం బతుకురా ఇది అని పళ్ళు నూరుకుంటూ అంకప్ప చిన్నోడి ముక్కు ముందు నుంచి తిరిగి ఎడమపక్కకు వచ్చాడు. "నేనేరా, నేనే" అంటూ మెడ మీద చెయ్యి వేశాడు.

చిన్నోడు గిర్రున తిరిగి అంకప్ప భుజాన్ని పళ్ళతో అందుకున్నాడు. చొక్కా పరపరా చిరిగింది. అంకప్ప వెల్లకిలా గడ్డిమోపు మీద పడ్డాడు.

నొప్పి తర్వాత తెలిసింది. ముందు ఆశ్చర్యం. పుట్టిన ఆరో నెల నుంచి చేతిలో బెల్లం తిన్న పిల్లవాడు, మోచేతి కింద తల పెట్టి నిద్రపోయిన పిల్లవాడు, తనను కరిచాడు. కరిచి, తాడు లాక్కుని, అర్ధచక్రం తిరిగి కుడిపక్క అంకప్ప వైపు పెట్టి నిలబడ్డాడు. ఇప్పుడు చెవులు మామూలుగా ఉన్నాయి. అంకప్ప చెయ్యి చాచితే వేళ్ళు నాకాడు.

అంకప్ప ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తను ఎడమపక్క ఎప్పుడు నిలబడ్డాడు? గుర్తు చేసుకుందామని చూశాడు. గుర్తుకు రాలేదు. నీళ్ళు పెట్టినా, మాలిష్ చేసినా, నడిపించినా కుడిపక్క నుంచే. తూఫానుకు ఎడమ కన్ను లేదు కాబట్టి కుడి నుంచి అలవాటైంది. పిల్లలకు రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి. వాటి దగ్గరికీ అదే కాళ్ళతో, అదే పక్క నుంచి పోయాడు. లాడాలు కొట్టడానికి రాయకోట నుంచి వచ్చే సెల్వరాజ్, "కుడికాళ్ళు బంగారమప్పా, ఎడమకాళ్ళు పట్టుకుంటే చాలు చంపేస్తాడు" అని ప్రతిసారీ గొణిగేవాడు. అంకప్ప దానికీ, "నాయన పోలిక" అనే నవ్వేవాడు. లోకమంతా గుర్రాన్ని పట్టుకునేది, జీను వేసేది, ఎక్కేది ఎడమపక్క నుంచి. అశ్వత్థప్ప మారెమ్మకు నేర్పింది కూడా అదే. తను ఎవరినీ అడగలేదు. ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఎవరైనా వచ్చి ఉంటే మొదటి వారంలోనే చెప్పేసేవాళ్ళు.

నలభై మంది.

"దెబ్బ తగిలిందా?" అని కలైసెల్వి వంగి చూసింది. తిలక్ అప్పటికే తాళ్ళ కోసం కేకేస్తున్నాడు. ఊరుకుంటే అయిపోతుంది. రక్తందే తప్పు అవుతుంది, పెద్ద సైసు పెద్ద సైసుగానే ఉంటాడు.

"ఆగండి సార్," అన్నాడు అంకప్ప. "వీని రక్తంలో ఏమీ లేదు. తప్పంతా నాది."

చెప్పాడు. గడ్డి మీద కూర్చునే, తూఫాను కన్ను నుంచి సెల్వరాజ్ మాట దాకా, ఒకటి ముందు ఒకటి వెనక, తడబడుతూ చెప్పాడు. తిలక్ మొహం చిట్లించుకున్నాడు.

"ఇన్నేండ్లు నాయన పోలిక అంటివి. కత్తి కనబడినాక కుడి, ఎడమ అని కొత్త కథ చెప్తా ఉండావా?"

"కథ కాదు సార్! నా తల్లి మింద ఒట్టు. ఆ అమ్మ కుడిపక్క నుంచి పోయి చూడనీ."

కలైసెల్వి సూది జేబులో పెట్టుకుని కుడిపక్క నుంచి వెళ్ళింది. చిన్నోడు ఆమె కొత్త మనిషి అన్నట్టు ముక్కుపుటాలు ఎగరేశాడు. ఆమె చెయ్యి మెడ మీద పడింది. వాడు కదల్లేదు. వీపు తడిమింది, కాలెత్తి చూసింది. ఆవులించాడు.

"భలే!" అన్నాడు తిలక్. "నిలబడినాడు కదా. ఇంగేం, అటు నుంచే సూది వేసేయండి డాక్టర్. పనైపోతుంది."

అంకప్పకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. అంతసేపూ తను మొత్తుకున్నదంతా ఈ మనిషి చెవికి చేరిందా అసలు? "అయ్యో నా రాతా!" అని రెండు చేతులతో నుదురు కొట్టుకున్నాడు. "నిలబడినాడు కాబట్టే కొయ్యొద్దంటా ఉండాను సార్! నన్ను పనిలోంచి తీసేయండి. వాని జోలికి పోవద్దు."

కలైసెల్వి సూదికి మూత పెట్టింది. "మీరు రాసిచ్చిన కాగితంలో కారణం స్వభావం అని ఉంది సార్. ఇది స్వభావం కాదు, అలవాటు. అలవాటుకు నేను కత్తి పెట్టను. రెండు నెలలు చూడండి. అప్పటికీ మారకపోతే పిలవండి."

తిలక్ గొణుక్కుంటూ ఓనరుకు ఫోన్ చేశాడు. అరగంట మాట్లాడాక రెండు నెలలు దొరికాయి. ఒక షరతు మీద. ఆ రెండు నెలలూ అంకప్ప చిన్నోణ్ణి ముట్టుకోకూడదు. మారెమ్మ చూసుకోవాలి.

మారెమ్మ చీర చెంగు నడుముకు దోపుకుని వచ్చింది. మొగుడి చిరిగిన చొక్కా చూసింది. "నాకప్పుడే చెప్పుంటే నేర్పించేదాన్ని కదయ్యా," అంది. తర్వాత ఇంకేమీ అనకుండా, చేతిలో బెల్లం ముక్కతో చిన్నోడికి ఎడమపక్కన, వాడి కాలు అందనంత దూరంలో, పీట వేసుకుని కూర్చుంది. వాడు చెవులు మడిచాడు. ఆమె కూర్చునే ఉంది. ఆ పీట జరగడానికి ఎన్ని రోజులు పడుతుందో అంకప్పకు అంచనా అందలేదు. కంచె బయట నిలబడి చూడటం తప్ప తను చేయగలిగింది లేదు. అతని చేతులు ఊరికే తలతాడు కోసం వెతుక్కున్నాయి.

తిలక్ డాక్టరమ్మ జీపు వైపు పోతుంటే అంకప్ప అడ్డం వెళ్ళాడు.

"సార్, బెంగళూరులో మనోళ్ళు ఇంగా ఆరుగురు పరిగెత్తుతా ఉండారు కదా?"

"ఉంటే? వాటికి ఎప్పుడో కొట్టించేసినారు కదప్పా. ఇప్పుడేం చేస్తావు?"

"కొట్టించేసినా కోపం పోలేదంట. దినామూ దెబ్బలు తింటా ఉండారంట. ఒక ఫోన్ చేసియ్యండి."

తిలక్ అతని మొహం చూసి ఏమనుకున్నాడో, ఎడమచేత్తో నంబరు నొక్కి ఫోన్ ఇచ్చాడు. అవతల ఆ ఆరుగురిలో ఒకణ్ణి చూసుకునే సైసు ఎత్తాడు. అంకప్ప తనెవరో చెప్పాడు. తూఫాను పిల్లవాడి దగ్గరికి కుడిపక్క నుంచి పొమ్మన్నాడు, మాట్లాడుతూ పొమ్మన్నాడు, నెమ్మదిగా ఎడమపక్క అలవాటు చేయమన్నాడు, ఎవరూ కొట్టొద్దన్నాడు. అవతలివాడు నవ్వాడు.

"దాని గురించి మాకు తెలవదా పెద్దాయనా? వాళ్ళ నాయన పోలిక కదా!"

"కాదప్పా," అన్నాడు అంకప్ప. "నా పోలిక."