అట్ట కన్సోల్

నెదర్లాండ్స్‌లోని హార్లింగెన్ రేవులో పడవలకు రంగులు వేసే వీబెకు చేతిలో కుంచె ఉంటే ఇంకేమీ పట్టదు. అదే అతని కొంప ముంచింది.

డిసెంబరులో కానుకలిచ్చుకునే సింటర్‌క్లాస్ పండగకు ఆ ఊళ్లో అట్టతో ఏదో ఒక బొమ్మ చేసి, దాని కడుపులో చిన్న కానుక దాస్తారు. అందుకున్నవాళ్లు అందరి ముందూ దాన్ని చింపి కానుక తీయాలి. బొమ్మ ఎంత అచ్చుగుద్దినట్టుంటే అన్ని నవ్వులు. కిందటేడు వీబె తన తల్లి ఫ్రౌకె కట్టుడుపళ్లను అట్టతో చేసిపెడితే, ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఈసారి కూతురు యిల్దౌ వంతు. పదకొండేళ్ల ఆ పిల్ల కలవరించేది ఒక్కటే, టీవీకి తగిలించి ఆడుకునే కొత్త గేమ్ కన్సోల్. స్నేహితురాళ్లందరూ సాయంత్రాలు అందులోనే కలుసుకుంటారు. పొద్దున బడిలో ఆ కబుర్లే. ఈ పిల్ల పక్కన నిలబడి, తనకూ అర్థమైనట్టు తలాడిస్తుంది. ఒకసారి దుకాణం అద్దంలోంచి ధర చూసి, "అమ్మో, నాన్నా! ఇది మన నెలద్దె కదా!" అంది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. అడగకపోవడమే వీబెను తొలిచేసింది. పిల్లల ఆటవస్తువుకు ఇంటద్దె ధర పెట్టినవాడు అసలు పిల్లల్ని కన్నవాడేనా?

కనీసం అట్టతోనైనా చేసిస్తే నవ్వుకుంటుంది కదా అనుకున్నాడు. తెల్లరంగు మూడు పూతలు వేశాడు. వెనక గాలి కన్నాలు, ముందు నీలం దీపం. లోపల ఫ్రౌకె అల్లిన ఉన్ని మేజోళ్లు పెట్టాడు.

పండగ సాయంత్రం యిల్దౌ పైకాగితం విప్పింది. కళ్లు ఇంతింతయ్యాయి.

"నాన్నా!"

బరువైన వస్తువును ఎత్తబోతున్నట్టు రెండు చేతులూ అడుక్కి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి ఎత్తింది. అది తేలిగ్గా గాల్లోకి లేచిపోయింది.

నవ్వాల్సిన చోట ఎవరూ నవ్వలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్న పండగ ఆనవాయితీని ఆ పిల్ల ఒక్క క్షణం మరిచిపోయింది. అంతగా కావాలనుకుంది మరి. వీబెకు తన చేతులు నరుక్కోవాలనిపించింది.

"బుద్ధుందట్రా నీకు?" అని ఫ్రౌకె కొడుకును కసిరింది.

"ఊరుకో నానమ్మా. ఎంత బాగా చేశాడో చూడు. దీపం కూడా పెట్టాడు," అంటూ యిల్దౌ నవ్వు తెచ్చుకుంది.

"చింపు తల్లీ," అన్నాడు వీబె. "లోపల మేజోళ్లున్నాయి. నానమ్మ అల్లింది."

"చింపను."

"చింపాలమ్మా, పండగ కదా."

యిల్దౌ దాన్ని తీసుకెళ్లి టీవీ కింద పెట్టి, వంకర లేకుండా సర్దింది.

"చింపితే ఉత్త అట్టపెట్టె అయిపోతుంది నాన్నా. కొన్నాళ్లు ఉండనీ."

ఆ చలికాలమంతా యిల్దౌ చిల్లుల మేజోళ్లతోనే బడికి వెళ్లింది.