పదమూడో కుర్చీ

మా అక్క ఎడ్విజ్ విందుకి బల్ల సర్దించడం మొదలుపెడితే ఇంట్లో పిల్లి కూడా గోడవారగా నడుస్తుంది. ఆమె ఇంటి బల్లంత అందమైన బల్ల నాంత్ ఊళ్లోనే లేదని పేరు. ఆ పేరు కోసం ఎవరినైనా కాల్చుకు తింటుంది.

ఆ శనివారం పద్నాలుగు మందికి విందు. ముఖ్య అతిథి బిషప్ గారు. జున్ను వడ్డించాక అక్క కొడుకు బెర్ట్రాన్ లేచి, మైవెన్‌ని పెళ్లి చేసుకోబోతున్నానని అందరికీ చెప్పాలి. మైవెన్ వాళ్లు సముద్రం ఒడ్డున ఆల్చిప్పలు పెంచి అమ్ముకునేవాళ్లు. ఈ బల్ల దగ్గర ఒక్కసారి కూర్చుంటే ఇక తనను ఎవరూ కాదనలేరని ఆ పిల్ల నమ్మింది. అందుకే పొద్దున్నే వచ్చి, బల్ల తనే సర్దుతానంది.

తెల్లగుడ్డని బల్ల మీదే పరిచి, మడతల గీతలు పోయేదాకా ఇస్త్రీ చేసింది. పళ్లేల పక్కన వెండి సామాను పేర్చింది. అక్క వెనకే తిరుగుతూ ఒక ఫోర్కు పైకెత్తింది.

"మొనలు పైకి పెట్టావేంటమ్మా? మా వంశం గుర్తు వెనకవైపు చెక్కించుకుంది గుడ్డకి చూపించడానికా?"

"మా ఇంట్లో ఇలాగే పెడతాం, మేడమ్."

"మీ ఇంట్లో ఫోర్కులు కూడా ఉంటాయా! చిప్పతోనే నోట్లో ఒంపుకుంటారనుకున్నా. ఇంకా ఆ మేడమ్ ఏంటి? రేపో మాపో అత్తయ్యనవుతా."

మైవెన్ నవ్వింది. అన్ని మాటల్లోనూ పిచ్చిపిల్లకి 'అత్తయ్య' ఒక్కటే వినపడింది. ఫోర్కులన్నీ ఓపిగ్గా బోర్లించింది. సాయంత్రానికి బల్ల చూస్తే నాకే కళ్లు చెదిరాయి. మగవాళ్లనీ ఆడవాళ్లనీ ఒకరి పక్కన ఒకరు వచ్చేలా పేర్ల చీటీలు పెట్టింది. నిశ్చయమైన జంటని మావాళ్లు విడదీయరు కాబట్టి తన చీటీ బెర్ట్రాన్ పక్కనే పెట్టుకుంది.

అతిథులు వచ్చే ముందు అక్క ఫోన్ దగ్గర్నుంచి వచ్చింది.

"కల్నల్ గారు రారట. ఇందాకే నడుం పట్టేసిందట."

అందరం బల్లకేసి చూశాం. పదమూడుగురం. పదమూడుగురు ఒక బల్ల దగ్గర తింటే ఏడాది తిరక్కుండా ఒకరు పోతారని మావాళ్ల భయం. బిషప్ గారు దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తారు. కూర్చునే ముందు మాత్రం తలలు లెక్కపెట్టుకుంటారు.

"తగ్గింది మగవాడు. ఒక ఆడమనిషిని తీసేస్తే వరస సరిపోతుంది," అంది అక్క.

"నేను తప్పుకుంటాలే. వంటింట్లో సూప్ తాగి పడుంటా. బిషప్ గారి కీళ్లనొప్పుల కథ నాకు కంఠతా వచ్చు," అన్నాను.

"నువ్వు ఆయన పక్కన ఉండాల్సిందే, క్లోతిల్డ్. మిగతావాళ్లు పిలిచిన అతిథులు. మైవెన్ అయితే ఇంటిపిల్ల. ఏమ్మా, ఏమనుకోవుగా?"

మైవెన్ బెర్ట్రాన్‌కేసి చూసింది. వాడు ఒక్క మాటైనా అంటాడని నేనూ చూశాను. వాడు ఆమె చీటీ తీసి జేబులో వేసుకున్నాడు. పళ్లెం, గ్లాసులు తీసి ఆమె చేతికే అందించాడు. తర్వాత ఖాళీ కనపడకుండా మిగిలిన కుర్చీలు సమంగా జరిపాడు. ఎంత శ్రద్ధో! నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వు లేకుండా పెళ్లి సంగతి ఏం చెబుతాంలే. ఇంకోసారి చూద్దాం," అన్నాడు.

చేపల వడ్డన అయ్యాక, చేయి కడుక్కుంటానన్న వంకతో వంటింట్లోకి వెళ్లాను. మైవెన్ ఒక స్టూలు మీద కూర్చుని ఉత్త రొట్టె నములుతోంది. వంటమనిషి ఓడెట్, వేయించిన కౌజు పిట్టల్ని వెండి పళ్లెంలో సర్దుతోంది. మనిషికొకటి చొప్పున పన్నెండు.

"ఈ పిల్లకేదీ?"

"లేదమ్మా. పన్నెండే తెప్పించారు. ఒక్కటి కూడా ఎక్కువ వద్దని నిన్న పొద్దున్నే గట్టిగా చెప్పారు అమ్మగారు."

కల్నల్ గారి నడుం పట్టేసింది ఇవాళ. పిట్టలు తగ్గింది నిన్న. మా అక్క ఎంతకైనా తెగిస్తుందని తెలుసుగానీ, ఇంతకా!

మైవెన్‌కీ అర్థమైంది. "బెర్ట్రాన్‌కి తెలిసుండదండీ," అంది నాతో.

అప్పుడే వడ్డన ఆలస్యమవుతోందని బెర్ట్రాన్ వచ్చాడు. "పిట్టలు పన్నెండేనని నీకు తెలుసా?" అని అడిగింది మైవెన్.

"అమ్మ నిన్న చెప్పింది. నువ్వు గొడవ చేసే రకం కాదని నేనే ధైర్యం చెప్పాను." మెచ్చుకుంటున్నట్టే అన్నాడు వెధవ.

"మరి పొద్దుట్నుంచీ నాచేత ఆ బల్లంతా ఎందుకు సర్దించారు?"

"ఎవరో ఒకరు సర్దాలిగా."

మైవెన్ ఆప్రాన్ విప్పి స్టూలు మీద పెట్టింది. నేను కారు తాళాలు తీసుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. బెర్ట్రాన్ పరుగున వచ్చి తలుపుకి అడ్డం నిలబడ్డాడు. మైవెన్ ఆగి, ఆశగా వాడికేసి చూసింది. వాడు ఆమెకేసి చూడనైనా లేదు.

"పిన్నీ, నువ్వు వెళ్లిపోతే ఎలా? బిషప్ గారి పక్కన ఎవరు కూర్చుంటారు?"

అప్పటిదాకా ఆపుకున్న మైవెన్, ఆ మాట విన్నాక ఏడ్చింది.