గుమేదే ఇంటికి కట్టు

గుమేదే ఎప్పటికైనా తన గుమ్మం తొక్కుతాడని నోంపెండులో అనే ఆమె తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తోంది. చివరికి వచ్చాడు ఆ మహానుభావుడు, టోపీ చేత్తో పట్టుకుని.

ఊరిపెద్ద కదా, పీట వేయాలి. ఆమె వేయలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఇతని కొడుకు పిడుగుపాటుకు పోతే, అది మాఖోజా చేతబడేనని ఊరందర్నీ ఉసిగొల్పి ఆమె గుడిసె తగలబెట్టించాడు. ఏటి ఒడ్డున ఉన్న ఆమె మొక్కజొన్న చేను కలిపేసుకున్నాడు. ఆ మాఖోజా నోంపెండులోకి తల్లి. ఊరు విడిచి పోతూ కొండదారిలో వానకు తడుస్తూ కూతురి ఒళ్ళోనే ప్రాణం వదిలింది.

"అమ్మాయ్, ఈ ఏడు రెండు పిడుగులూ నా దొడ్డి మీదే పడ్డాయి. పన్నెండు పశువులు పోయాయి. మీ అమ్మ నన్ను వదిలేలా లేదు. ఇక పిడుగు పడకుండా నా ఇంటికి కట్టు కట్టు తల్లీ. దానికి వాడే ఆకు ఆనవాలు నీ ఒక్కదానికే తెలుసంటున్నారు."

"తెలుసు బాబా. నేర్పింది మా అమ్మే."

గుమేదే నేల చూపులు చూశాడు.

"కడతాను. పద్ధతి మాత్రం మా అమ్మదే. ఎవరికి భయపడుతున్నావో, ఎందుకో, చనిపోయిన పెద్దల్ని పిలిచే ఇంపెఫో ఆకు పొగ ముందు నిలబడి అందరూ వినేలా చెప్పాలి. అబద్ధమాడితే ఆకు పనిచేయదు."

"అందరూ అంటే?"

"ఆ రోజు నిప్పు పట్టుకొచ్చిన వాళ్ళందరూ."

శనివారం పొద్దున్నే దొడ్డి వాకిట్లో ఊరంతా చేరింది. నోంపెండులో పెంకు మీద ఇంపెఫో ఆకు రాజేసింది. దంచిన మందాకు కలిపిన నీళ్ళ కుండ, చల్లడానికి ఆవుతోక పక్కన పెట్టుకుంది. గుమేదే నోట్లో నోట్లో గొణిగాడు.

"గొంతు పోయిందా పెద్దాయనా?" అంది ఓ ముసలమ్మ. "ఆ రోజు కొండ అవతలికి వినపడిందే!"

"మాఖోజా మంత్రగత్తె కాదు!" అని అరిచాడు గుమేదే. "నాకు తెలుసు. చేను కోసం అబద్ధమాడాను. ఇప్పుడు ఆమె నా మీద పగ తీర్చుకుంటోంది."

నోంపెండులోకి ఒళ్ళంతా సంబరం పాకింది. తొమ్మిదేళ్ళలో కడుపు మంట చల్లారింది ఆ ఒక్క క్షణమే. కుండ ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

"ఏమ్మా, చల్లవా?"

"ఇది మంత్రగత్తెల్ని, చెడు తలపెట్టేవాళ్ళని ఆపే ఆకు బాబా. మా అమ్మ మంత్రగత్తె కాదని నువ్వే చెప్పావుగా! నువ్వు అన్యాయంగా చంపినదాన్ని ఆపే ఆకు నాకు తెలీదు. తెలిసినా పెరకను."

నేరుగా ఏటి ఒడ్డుకు నడిచింది. ఊరంతా చూస్తుండగా తల్లి చేను నాలుగు మూలలా ఆ నీళ్ళు చల్లింది. ఒక్క చుక్క కూడా మిగల్చలేదు.

గుమేదే గట్టు దాకా వచ్చి ఆగిపోయాడు. కొండ మీద ఉరిమింది.

"రా బాబా," అంది నోంపెండులో చేలో నిలబడి. "ఇప్పుడు కాలు పెట్టి చూడు."