ఊయల గొలుసు

శ్రావణమేఘములు కొండకొమ్ములనుండి క్రిందికి జాఱి మధ్యాహ్నవేళయందే సంధ్యాచ్ఛాయను గల్పించుచుండగా గోదావరీతీరమునందలి యా చిన్నయూరు కొలిమినుండి తీసి చల్లార్చిన యినుమువలె నల్లబడి నిశ్శబ్దమై యుండెను. వాన యింకను గురియలేదు. గాలియు వీచుట మానెను. ఆ నిశ్చలత్వమునందు ఊరిచివరి పూరియింటినుండి యొక గొలుసు సవ్వడిమాత్రము అప్పుడప్పుడు వినవచ్చుచుండెను.

ఆ గొలుసును జేసినవాడును దానిచే బద్ధుడైనవాడును ఒక్కడే. వీరాచారి యను నా కమ్మరి పడవలకు లంగరుగొలుసులను బావులకు బొక్కెనగొలుసులను ఏనుగుపాటి యెడ్లను సైతము నిలుపు కట్టుగొలుసులను జేసి పరిసరగ్రామములయందు పేరు గాంచినవాడు. కూతురు పుట్టిననాడు మాత్రము తక్కిన పనులన్నియు మాని యూయలకై యొక గొలుసును జేసి పసిదాని చేయి గీఱుకొనకుండునట్లు ప్రతిలంకెను చింతపండుతో దోమి తన చెక్కిలిపై రాచి పరీక్షించుకొనెను. పిదప నేమి దైవోపహతియో యాతని మతి చలించెను. గడచిన వేసవిలో నాతడు బిడ్డను భుజముపై నిడికొని గోదావరిలోనికి మెడలోతువఱకు నడచిపోవుచుండగా జాలరులు చూచి యొడ్డునకు దెచ్చిరి. ఆ సాయంకాలమే భార్యయైన పేరిందేవి వేఱొక దారి గానక యూయలను విప్పి యా గొలుసుతోడనే యాతని కాలిని వసారాస్తంభమునకు బంధించి తాళపుచెవిని కొంగున ముడివైచికొనెను.

నాటినుండి యామె ప్రాణము చెవులయందుండెను. గొలుసు మ్రోగిన భయము. మ్రోగకున్న మఱింత భయము. మ్రోగునంతవఱకు నాతడు స్తంభముకడనే యున్నాడని తెలియును గదా!

జ్వరపీడితయై రేలుంబవళ్ళు మూలిగిన బిడ్డ యా మధ్యాహ్నము ఎట్టకేలకు నిద్రపోగా పేరిందేవి తడిగుడ్డకు చల్లని నీరు దెచ్చుటకై కడవ గొని రేవునకు దిగెను. అచ్చట బట్టలుదుకుచున్న పొరుగింటి వృద్ధురాలు జోగమ్మ యామెను జూచి నవ్వెను.

“ఏమే పేరిందేవీ, మీ ఆయన గొలుసు చప్పుడికి మా గేదె అలవాటు పడిపోయిందే. అది ఇనబడితే గానీ పాలు చేపట్లేదు!”

పేరిందేవి వంగి కడవను నీట ముంచెను.

“పోనీలే, పాపకెలాగుంది?”

“ఇప్పుడే కునుకు పట్టింది పిన్నీ. ఈగ వాలినా ఉలిక్కిపడి లేస్తంది.”

వృద్ధురాలు చేతిలోని బట్టను రాతిపై నుంచి చెవి యొగ్గెను.

“అమ్మాయ్, చప్పుడు ఆగిపోయిందేంటే?”

కడవ నీటిపాలయ్యెను. తెగిన లంకెయు తెఱచియున్న తలుపును శూన్యమైన చాపయు మెడలోతు నీటిలో నూగు చిన్నతలయు నొకదానివెంట నొకటి కన్నులకు గట్టుచుండగా పేరిందేవి యా యేటవాలు గట్టు నెట్లెక్కెనో ముండ్లకంచె నెట్లు దాటెనో తానెఱుగక రొప్పుచు వసారా ముంగిట వచ్చిపడెను.

వీరాచారి స్తంభమునకానుకొని కూర్చుండియుండెను. గొలుసునంతయు నొడిలోనికి జేర్చుకొని లంకెకు లంకె తగులకుండ తన పైపంచెను నడుమనడుమ చుట్టి రెండుచేతులతో నదిమిపట్టి యూపిరి సైత మాచితూచి విడుచుచుండెను. గడపకావల చాపపై బిడ్డ నిద్రించుచుండెను.

“ష్... పడుకుంది,” అని యాతడు గుసగుసలాడెను. “తుప్పు పట్టిందే ఇది. అందుకే ఇంత అరుస్తంది.”

ఎన్నినెలలకో యాతని నోట వినబడిన కమ్మరిమాట యది. ఆమె కొంగుముడి విప్పబోయెను. ఆతడు తల యడ్డముగా నూపెను.

“ఇప్పుడొద్దే. తాళం టక్కుమంటది.”

ఆమె భయము తొలగెనని చెప్పుట యసత్యము. రేపటి యాతని మతి యెట్లుండునో యామె యెఱుగదు. అయినను చప్పుడు గాకుండ నాతనిప్రక్కన గూర్చుండి పంచెతోగూడ గొలుసులో సగము తన యొడిలోనికి దీసికొనెను. వాన మెల్లగా నారంభమయ్యెను. పేరిందేవి తాళపుచెవిని పిడికిట బిగించి బిడ్డ మేల్కొనుటకై వేచియుండెను. ఎన్నడును బంధించుటకై చేయబడని యా గొలుసు చిరకాలమునకు మరల నొక పసిదాని నిద్రను మోయుచుండెను.