యాక్సిల్లో నీళ్లు

వెనక యాక్సిల్ బిరడా విప్పగానే నూనె పాలు పోసిన టీలా దిగింది. తరైవిని జీపు కింద వెల్లకిలా పడుకుని ఆ రంగు చూసింది. రెండు వేళ్ల మధ్య రాసి చూసింది. ఏటి నీళ్లే.

"ఏమైంది పిన్నీ?"

శలోటే చాప మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. నెలలు నిండాయి. పొద్దున్నుంచి నడుము నొప్పి అంటోంది.

"ఏట్లో తాగొచ్చింది. నువ్వు కదలకు."

ఆస్పత్రి దిగువన ఇరవై రెండు కిలోమీటర్లు. దారిలో తొమ్మిది చోట్ల ఏరు దాటాలి. బస్సు రాదు. నలభై గడపలకి బండి ఇదొక్కటే. జపాన్లో పన్నెండేళ్లు తిరిగి ఫిజీకి వచ్చిన చిన్న ఫోర్‌వీల్ జీపు. మొగుడు పోయాక తరైవిని ఐదేళ్లు పెంచిన యంగోనా తోట తవ్వి, నూరి తాగే ఆ వేర్లు అమ్మి కొంది. ఇంజను గాలి పీల్చే పైపుని పైకప్పు దాకా లేపింది. యాక్సిళ్లకి ఊపిరాడే చోట రబ్బరు గొట్టాలు తొడిగి బానెట్ కిందికి తెచ్చి కట్టింది. వేడెక్కిన యాక్సిల్ చల్లటి ఏట్లో దిగితే ఏదో ఒకటి లోపలికి పీలుస్తుంది. గొట్టం ఉంటే గాలి. లేకపోతే నీళ్లు.

వెనక గొట్టం కత్తితో కోసి ఉంది. పోయిన శనివారం బండి అడిగి తీసుకెళ్లింది మొగుడి అన్న అపెనీసా.

యాక్సిల్ లోపల డీజిలుతో కడిగింది. అద్దం మీద నీళ్లు చిమ్మే సన్న గొట్టం పీకి, సైకిల్ ట్యూబు చుట్టి, తెగిన చోట తొడిగి తీగ బిగించింది. ఇక నూనె పోయాలి. దాచిన సీసా ఒక్కటే ఉంది, ముప్పై నాలుగు డాలర్లది. తోటలో రోజు కూలికి అంత రాదు.

"పెదనాన్న వస్తున్నాడు," అంది శలోటే.

అపెనీసా స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చంకలో యంగోనా వేర్ల కట్ట ఉంది. చాప చివర కూర్చున్నాడు.

"గొట్టం నేనే కోశానమ్మా. పడవలోకి పెట్రోలు లాగడానికి. జానెడు రబ్బరుకి మొహం ఇంత ముడుచుకోవాలా?"

"మూడు జానలు బావగారూ."

"కొలిచి పెట్టావూ!" అని నవ్వి, కట్ట ఆమె ముందు పెట్టాడు. గొంతు మారింది. "బండి అడుగుతున్నాను. ఊరి పెద్దింటి దూలాలు పై అడవిలో కోసి ఉన్నాయి. వానకి ముందే దింపాలి. ఇప్పుడే వెళ్లాలి."

"శలోటేని దించాలి. నాకూ వానకి ముందే."

"మా అమ్మ నన్ను చాప మీదే కంది."

"అప్పుడు తల ఇంత లేదేమో పెదనాన్నా," అంది శలోటే. మరుక్షణం పెదవి కొరికి నడుము పట్టుకుంది.

కట్ట ముందు పెట్టి అడిగిన చుట్టానికి లేదనకూడదు. కట్టని తాకి, అరచేతులు దొప్పలు చేసి మూడు చప్పట్లు కొడితే ఇచ్చినట్టు. ఆ ఊళ్లో తాకకుండా వదిలేసిన కట్ట లేదు. మొగుడు మంచాన పడ్డప్పుడు తరైవిని ఇలాగే అడిగి, అపెనీసా ఇంటి నుంచే పరుపు తెచ్చుకుంది. అతను మూడు చప్పట్లూ కొట్టాడు. మొగుడు ఆ పరుపు మీదే పోయాడు.

అపెనీసా ఆమె చేతుల వంక చూశాడు. మోచేతుల దాకా నలుపు.

"కడుక్కునిరా. కూర్చుంటాను."

"చేతుల నూనె వల్ల ఆగలేదు బావగారూ," అంది తరైవిని. "ఇవ్వను."

పానా, నూనె సీసా తీసుకుని జీపు కిందికి జరిగింది. పక్క చిల్లులోంచి కొత్త నూనె మెల్లగా యాక్సిల్ లోపలికి దిగుతోంది. అక్కణ్ణించి ఆమెకి అతని పాదాలూ, కట్టా, చాప అంచుని నలుపుతున్న శలోటే వేళ్లూ కనిపిస్తున్నాయి. పాదాలు కదల్లేదు. ఎగువన కొండ నల్లబడింది. మొదటి చినుకులు బానెట్ మీద పడ్డాయి. కట్టని లోపల పెట్టడానికి ఎవరూ లేవలేదు.