యతిరాజులు పాస్‌వర్డు

పంపుసెట్ల కంపెనీ తిరుపతి బ్రాంచికి కంప్యూటరు తెర వచ్చిన రోజున సూపరింటెండెంటు యతిరాజులు అడిగిన మొదటి ప్రశ్న, దాని ముఖం ఎవరి కుర్చీ వైపు ఉండాలని. ఎవరు పనిచేస్తే వాళ్ళ వైపు సార్ అన్నాడు జయరావు. చిత్తూరు హెడ్డాఫీసులో కంప్యూటరు చూసుకునే ఆఫీసరు ఆయన. యతిరాజులు దాన్ని తన కుర్చీ వైపే తిప్పించుకున్నాడు. టైపిస్టు అలివేలుకు నవ్వొచ్చింది. కానీ మూడేళ్ళుగా టెంపరరీగా ఉన్న మనిషికి నవ్వే హక్కు ఎక్కడిది? తల వంచుకుని టైపు మిషన్లో కాగితం సర్దుకుంది.

అసలు కంప్యూటరు చిత్తూరులోనే, చల్లటి గదిలో ఉంది. ఇక్కడికి వచ్చింది ఒక తెర, ఒక కీబోర్డు, వాటిని అక్కడికి కలిపే టెలిఫోను తీగ. చిత్తూరు గోడౌన్లో ఏ మోటారుకు ఏ సామాను ఉందో ఇక్కడ కూర్చునే చూడొచ్చు, ఆర్డరు కూడా ఇక్కణ్ణుంచే ఎక్కించొచ్చు. అంతకుముందు ఒక్క ఫుట్ వాల్వు ఉందో లేదో తెలియాలంటే ట్రంకాల్ బుక్ చేసి పూటంతా కాపలా కాయాల్సిందే. పైరు ఎండుతున్న రైతు ఆ పూటంతా మెట్ల మీద బీడీ కాలుస్తూ కూర్చునేవాడు.

సూపరింటెండెంటుకొకటి, టైపిస్టుకొకటి, కంప్యూటరు తెరవడానికి పాస్‌వర్డుతో సహా రెండు పేర్లు ఇస్తామని హెడ్డాఫీసు రాసింది. ఒకటి చాలునని యతిరాజులు జవాబిచ్చాడు.

"కంపెనీ గుట్టంతా టెంపరరీవాళ్ళ చేతికిస్తే ఇంకేమన్నా ఉండాదా?" అన్నాడు అలివేలు ముందే.

తెరకు పైన గోడ మీద నోటీసు కూడా అంటించాడు. పాస్‌వర్డు ఇతరులకు తెలిపినవారిపై కఠిన చర్య తీసుకోబడును. కింద బారెడు సంతకం.

ఆయన వారం రోజులు తెర ముందు కూర్చున్నాడు. ఒక్కో అక్షరాన్నీ బియ్యంలో రాయి ఏరినట్టు ఏరేవాడు. పాకాల రైతు ఒకడు బేరింగు కోసం వచ్చి, గంటసేపు ఆయన వేలిని చూసి చూసి, చిత్తూరుకు బస్సెక్కి పోయాడు. ఎనిమిదో రోజు యతిరాజులు తలుపు దగ్గరగా వేసి అలివేలును పిలిచాడు.

"నా పేరుతో నువ్వే కొట్టమ్మా. నాకు పైపనులు జాస్తిగా ఉండాయి."

రోజూ పొద్దున్నే ఆయన విష్ణుసహస్రనామం చదువుతాడు. అందులోంచి ఒక నామం ఏరి పాస్‌వర్డుగా పెట్టుకున్నాడు. దాన్ని గోడ మీది నోటీసు కిందే నిలబడి ఆమె చెవిలో చెప్పాడు. ఆ పైపనులేమిటంటే, దినపత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం.

ఐదు నెలలు అలివేలే కొట్టింది. రైతు మెట్లెక్కి వచ్చి చెమట తుడుచుకునే లోపల సామాను ఉందో లేదో చెప్పేసేది. తిరుపతి బ్రాంచి భేషుగ్గా పనిచేస్తోందని చిత్తూరు నుంచి ఉత్తరం వచ్చింది, యతిరాజులు పేరు మీద. ఆయన దానికి ఫ్రేము కట్టించాడు. మేకు పట్టుకోమని అలివేలునే పిలిచాడు. విసిరికొట్టాలనిపించినా పట్టుకుంది. వడమాలపేటలో వాళ్ళ నాయన, నా కూతురిది కంపెనీ ఉద్యోగమని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు మరి.

ఏప్రిల్లో హెడ్డాఫీసు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. పని ఉన్న టెంపరరీలను పర్మనెంటు చేస్తారట, లేనివాళ్ళను పంపేస్తారట. ఒక్కొక్కరి గురించీ రాసి, బ్రాంచి హాజరు పట్టీ జతచేయమన్నారు. యతిరాజులు గొంతు సవరించుకుని జవాబు చెప్పాడు, అలివేలు టైపు చేసింది. "యంత్రము వచ్చినది మొదలు సదరు అలివేలమ్మకు పని లేదు."

ఆమె వేళ్ళు ఆగాయి. "ఇది నా గురించేనా సార్?"

"నీ గురించే. మనసులో పెట్టుకోబాకమ్మా. నీకు పనుండాదని రాస్తే నేనేం చేస్తా ఉండానని అడగరా? ముందు కొట్టు."

కొట్టింది, ఒక్క తప్పు కూడా లేకుండా. ఆ తర్వాత హాజరు పట్టీ టైపు చేసింది, తనొక్కదానిదే కాదు, బ్రాంచి మొత్తానిదీ. ఫిబ్రవరిలో శ్రీరంగయాత్రకు పోయిన యతిరాజులు పన్నెండు రోజుల సెలవు కూడా అందులో ఉంది. ఆయన ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టాడు.

ఆ ఉత్తరం సంగతి తేల్చి రమ్మని హెడ్డాఫీసు పంపితే, పది రోజులకు జయరావు చంకలో కాగితాల కట్టతో దిగాడు. తెర మీద ఎవరు ఏ రోజు పనిచేసిందీ కంప్యూటరు అచ్చు వేసిచ్చిన కాగితాలవి. వాటి పక్కన హాజరు పట్టీ పరిచాడు.

"ఫిబ్రవరి తొమ్మిది నుంచి ఇరవై దాకా తమరు యాడుండారు సార్?"

"శ్రీరంగంలో. పెరుమాళ్ళ సేవకు పోయినాము."

"మరి ఆ దినాల్లో మీ పేరుతో రెండునూర్ల పైన ఆర్డర్లు ఎక్కినాయే?"

యతిరాజులు నోటీసు వైపు చూశాడు, ఫ్రేము వైపు చూశాడు. ఆ తర్వాత వేలు అలివేలు వైపు తిప్పాడు.

"ఈ పిల్లే! నేను కొట్టేటప్పుడు దొంగతనంగా సూసుంటుందప్పా!"

అంతదాకా ఆమెకు ఉద్యోగం పోతుందన్న భయమే. దొంగ అన్నాక ఆ భయం పోయి ఒళ్ళు మండింది.

"నేను దొంగిలించినా సారుకు తెలిసే ఉండాల గదా సార్," అంది జయరావుతో. "ఒక్క ఫుట్ వాల్వు వెతికి సూపించమనండి."

జయరావు కుర్చీ జరిపి చూపించాడు. యతిరాజులు పంచె సర్దుకుని కూర్చున్నాడు. తన పేరు కొట్టడానికే చాలాసేపు పట్టింది. తెర పాస్‌వర్డు అడిగింది. ఆయన కళ్ళు మూసుకుని ఒక నామం తలుచుకుని కొట్టాడు. తెర ఒప్పుకోలేదు. ఇంకో నామం కొట్టాడు. దానికీ ఒప్పుకోలేదు. మూడోసారి తప్పితే మూసుకుపోతుందని జయరావు హెచ్చరించాడు. యతిరాజులు నుదుటి మీద తిరుచూర్ణం చెమటకు కరిగి ముక్కు మీదికి జారింది. వెయ్యి నామాలు నోటికి వచ్చిన మనిషికి ఆ ఒక్కటీ రాలేదు.

ఐదు నెలల అలవాటు ఎక్కడికి పోతుంది? వెనక్కి తిరిగి మామూలుగా అడిగేశాడు.

"ఏమమ్మా అలివేలూ, మనం పెట్టింది ఏ నామం?"

అలివేలు తల ఎత్తి గోడ మీది నోటీసును పైనుంచి కిందిదాకా, సంతకంతో సహా చదివింది.

"చెప్పగూడదు సార్," అంది. "కఠిన చర్య ఉండాది."

జయరావు నవ్వలేదు. సదరు అలివేలమ్మకు పని లేదన్న ఉత్తరం బయటికి తీసి, ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాడు. పక్కన పర్మనెంటు అని రాశాడు. ఆ తర్వాత ఖాళీ కాగితం ఒకటి తీసి పెన్ను పట్టుకున్నాడు.

"కంప్యూటర్లో ఎక్కించాల. నీ పేరు ఇంగ్లీషులో ఎట్ల రాస్తావమ్మా?"

అలివేలు ఒక్కో అక్షరమే చెప్పింది, తొందర లేకుండా, కుర్చీలో ఉన్నాయనకు కూడా వినబడేటట్టు.