గోడ వైపు ముఖం

“...ఆడికెల్లి గాదు సుమా, ఇంకా ముందటికెల్లి రాయాలె. పొద్దుగాల పెనం కాలుతది సూడు, ఆడికెల్లి పెట్టు. మీ అక్క సౌందర్య సంగతి ఆడనే మొదలైంది బిడ్డా, ఈ తాత సెప్పినట్టు రాయి.”

పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుయ్‌మంటుంది.

ఆవిరి లేస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో ఇంకా వెలుతురు రాదు. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులొచ్చిన పిల్లలు మసకమసకగా నవ్వుతుంటారు. వాళ్ల కింద ధర్మేందర్ టిఫిన్ బండి.

మొదటి దోశ ఎవరికీ పెట్టడు.

మోదుగాకులో వేసి వెనకున్న పిట్టగోడ మీద ఉంచుతాడు. అది వాళ్లమ్మ ఈరమ్మకు. ఈ బండి పెట్టింది ఆమే. పోయి ఏళ్లయింది. కాకి వచ్చి ముట్టేదాకా ధర్మేందర్ గోడ వైపు తిరిగి నిలబడతాడు. గిరాకీ పిలిచినా తిరగడు.

ఆ కాసేపు అతని ముఖం ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు.

కాకి తప్ప.

ధర్మేందర్ పెద్దకూతురు సౌందర్య. ఇంటి దగ్గర ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి యూనివర్సిటీకి పోతుంది. ఇంగ్లిష్ సాహిత్యం, సినిమా... రెండూ కలిపి ఒకే చదువు. పొద్దున ఒక గదిలో పుస్తకం. మధ్యాహ్నం ఇంకో గదిలో, పరదాలు దించిన చీకట్లో, తెర.

ఒక గదిలో, చెప్పని మాటను చదవడం నేర్పుతారు.

ఇంకో గదిలో, అది కనబడాలంటే ఎక్కడ నిలబడాలో నేర్పుతారు.

ఆ రెండు గదుల మధ్య వరండాలో నడుస్తుంటే సౌందర్యకు ఒళ్లంతా గాలి పోసుకున్నట్టుండేది.

“నా బండి కాడ తినేటోళ్లందరు కొలువుకు సదువుతున్నరు. నా బిడ్డేమో సినిమాలు సూడనీకి సదువుతున్నదట.” ధర్మేందర్ ఈ మాట నవ్వుతూ అనేవాడు. పోనుపోను మాట మిగిలింది, నవ్వు పోయింది.

ఒకరోజు వేదవతి మేడం ఒక ఇంగ్లిష్ కథలోంచి పేజీ ఇచ్చింది. ఒక ఇల్లు. బయట మంచు. భోజనాల బల్ల దగ్గర రోజూ ఒక కుర్చీ ఎక్కువ వేస్తారు. అందులో ఎవరూ కూర్చోరు. ఎందుకో ఎవరూ చెప్పరు.

“దీన్ని మీ వీధిలో చిన్న సినిమాగా తీసి పట్టుకురండి,” అంది మేడం.

క్లాసంతా మంచు గురించి మాట్లాడింది.

సౌందర్యకు పెనం చుయ్‌మనడం వినబడింది.

మర్నాడు తెల్లవారకముందే పిట్టగోడ ఇటుకల సందులో వీడియో పెట్టి ఫోను దాచింది. కాకి వైపు నుంచి. గోడ వైపు నుంచి. ఈరమ్మ ఉంటే ఎక్కడి నుంచి కొడుకుని చూసేదో — అక్కడి నుంచి.

ఆ రోజే, బండి పక్క బల్ల మీద కూర్చుని, తీసిన వీడియోను ఫోనులోనే కత్తిరించుకుంటోంది. బ్యాంకు పరీక్షకు చదివే ప్రసన్నకుమార్ ప్లేటు పట్టుకుని తొంగిచూశాడు. ఏలూరు అబ్బాయి.

“బాబాయ్, స్క్రీన్ మీద భలే ఉన్నారండీ మీరు. మీకంటే ఆ కాకి ఇంకా బాగా చేసేసింది.”

ధర్మేందర్ చేతులు తుడుచుకుని వచ్చాడు. చూశాడు. అతని మెడ నరం లేచింది.

“తీసెయ్.”

“ఎందుకు నాయినా?”

“చచ్చినోళ్లకు పెట్టింది తెర మీద పెడ్తరానే? నలుగురు సూడనీకి అది ఆటనా?”

“ఆట కాదు నాయినా. నా సదువు.”

“గా సదువే వద్దంటున్న. తీసెయ్. సోమారం కెల్లి గీ గల్లీలనే కోచింగ్. నేను మాట్లాడొచ్చిన.”

పెనం మీద దోశ మాడుతోంది. తినేవాళ్లందరూ ప్లేట్లలోకి చూస్తున్నారు.

“తీసెయ్య,” అంది సౌందర్య. గొంతు పెంచలేదు. “ఎల్లుండి క్లాసుల సూపిస్త. నువ్వొస్తే నీ ముందట. రాకుంటే నీ ఎనక.”

ధర్మేందర్ రాలేదు.

తాత బిక్షమయ్య వెళ్లాడు. ఈ మధ్య మలక్‌పేట దాటి పోయి ఎరగడు. మనవరాలి భుజం పట్టుకుని మెట్రో ఎక్కాడు, వెనక వరసలో కూర్చున్నాడు. పరదాలు దించారు. పట్టపగలు చీకటి పడింది.

తెర మీద గోడ. గోడ మీద ఆకు. ఆకు మీద పొగలు పోతున్న దోశ.

దాని వెనక ధర్మేందర్ ముఖం.

కాకి రెక్కల నీడ అతని నుదుటి మీద పడింది. పోయింది. అంత మనిషి, మీసాలు నెరిసిన మనిషి, ఏడ్చి ఊరుకున్న పసివాడిలా ఉన్నాడు... పెదవులు కదిలాయి. ఏదో అన్నాడు. గాలి చప్పుడు వినబడుతోంది, కాకి అరుపు వినబడుతోంది.

అతని మాట మాత్రం వినబడలేదు.

దీపాలు వెలిగాయి. ఎవరూ లేవలేదు.

“ఆయన ఏదో అన్నారు. శబ్దం రాలేదా సౌందర్యా?” వేదవతి మేడం అడిగింది.

“వచ్చింది మేడం. నేనే తీసేసిన.”

“ప్రాణమంతా అక్కడే ఉంది కదమ్మా. ఆ మాట పెట్టి మళ్లీ చూపించు. మార్కులు కూడా బాగా వస్తాయి.”

“పెట్టను మేడం.”

“మార్కులు తగ్గితే?”

“తగ్గనీయండి.”

తీసెయ్యమన్న తండ్రికి తీసెయ్యనంది. పెట్టమన్న టీచరుకు పెట్టనంది. ముందుకు వచ్చి కిటికీ పరదా తనే లాగింది. ఎండ ఒక్కసారిగా గది నిండా పడింది. కళ్లు చికిలించుకుని, తల మాత్రం దించకుండా నిలబడింది.

మూసారాంబాగ్ దాటాక, రైలులో, తాతకు అడగాలనిపించింది. వాడు ఏమన్నాడు బిడ్డా, అని.

అడగలేదు.

కిటికీ బయట ఆకాశం వాళ్లతో పాటే ఉరుకుతూ ఉంది...

“రాసినవా సుమా? గిది మీ నాయినకు సదివి ఇనిపియ్యి. రెండు దినాలాయె, ఇంట్ల ఎవ్వలతోని మాట్లాడుతలేడు. నేను సెప్తే లేసిపోతడు, నువ్వు సదివితే కూసుంటడు. బండి కడిగి ఇంటికొచ్చినంక సదువు. జర మెల్లగ సదువు. బిడ్డ నీ మొఖం సూపెట్టింది గని నీ మాట ఎవ్వలకియ్యలే అని, గది రెండుసార్లు సదువు. చచ్చినోళ్లకు పెట్టింది సూపెట్టొద్దని కోపం జేసిండు గద. ఈరమ్మ ఆనికి తల్లైతే నాకు పెండ్లాం. నాకు రాలే కోపం. సోమారం పొద్దుగాల పిల్ల కాలేజీకే పోతది, ఎంబడి నేను పోత. అడ్డం నిలవడేదుంటే, ముందుగాల నాకు అడ్డం నిలవడుమను.”